‘ఏ కమ్యూనిటీ వాళ్ల కాలేజీ సార్ ఇది?’

ఎడిటర్ గారికి నమస్కారం.

నాలుగేళ్ల సర్వీసుకి సైన్యంలో చేరిన అగ్నివీరుల మొదటి బ్యాచ్ బయటికి వచ్చే రోజు దగ్గరపడుతోందని మీ పేపర్లో వేశారు. చేతికి ఎంత డబ్బు వస్తుందో, ఎంతమందిని ఉంచుకుంటారో, కేంద్ర బలగాల్లో కోటా ఎంతో అన్నీ రాశారు. ఆ పిల్లలు డ్యూటీ చేస్తూ చదువుతున్న డిగ్రీ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. తప్పు పట్టడానికి రాయడం లేదండి. ఆ డిగ్రీ చదువుతున్నవాడు మా ఇంట్లో ఒకడున్నాడు. పదిహేనేళ్ల కిందట అలాంటి కాగితమే తెచ్చుకుని దాన్ని ఎక్కడ చూపించాలో తెలియక తిరిగినవాణ్ణి నేను. అందుకని రాస్తున్నాను.

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెటూరు. మిలిటరీ మాధవరం పక్కనే. మా వైపు సంబంధం మాట్లాడేటప్పుడు ఎకరాలెన్ని అని అడిగాక, సర్వీసు ఇంకా ఎన్నేళ్లుంది అని అడిగే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నేను 1990లో ఈఎంఈలో, అంటే సైన్యంలో బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగంలో చేరాను. సికింద్రాబాద్ సెంటర్లో ట్రైనింగ్. ట్రేడు వెహికల్ మెకానిక్. 24 ఏళ్లు చేసి 2014లో హవల్దార్‌గా పెన్షన్ వచ్చాను. శక్తిమాన్ బండ్లతో మొదలుపెట్టి స్టాలియన్ల దగ్గర ఆపాను.

మెకానిక్ పని అంటే ఏమిటో ఒక్కటి చెబుతాను. లడఖ్‌లో చలికాలం పొద్దున్నే బండి స్టార్ట్ కాదు. డీజిల్ లైన్లో గాలి పట్టేసి ఉంటుంది. ఫిల్టర్ మీదున్న స్క్రూ కాస్త వదులు చేసి, చేత్తో ఫీడ్ పంపు కొట్టాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు. బుడగలన్నీ పోయి డీజిల్ సన్నగా తెగకుండా వచ్చేదాకా కొడుతూనే ఉండాలి. గ్లోవ్స్ వేసుకుంటే స్క్రూ పట్టు దొరకదు. తీసేస్తే వేళ్లు ఇనుముకి అతుక్కుంటాయి. వెనకాల 20 బండ్ల కాన్వాయ్ ఆగి ఉంటుంది, సుబేదార్ సాబ్ వాచీ చూసుకుంటూ ఉంటాడు. ఇలాంటి పని 24 ఏళ్లు చేశాను. మధ్యలో ట్రేడ్ టెస్టులు, అప్‌గ్రేడింగ్ కోర్సులు. అన్నీ పాసయ్యాను, అన్నీ నా సర్వీసు రికార్డులో ఎక్కాయి. ఊళ్లోకి వచ్చి చూసుకుంటే నా చదువు పదో తరగతి.

దీనికి మందుగా అప్పట్లో ఒక మంచి ఏర్పాటు చేశారు. దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీ, సైన్యం కలిసి జ్ఞానదీప్ అని పెట్టాయి. వాయుసేనకి ఆకాశదీప్, నేవీకి సాగరదీప్. సైన్యం శిక్షణ కేంద్రాలనే కమ్యూనిటీ కాలేజీలుగా (స్థానికులకి పనికొచ్చే చదువు చెప్పే కాలేజీలు) నమోదు చేసి, జవాను అక్కడ నేర్చుకున్న ట్రేడుకి క్రెడిట్లు (చదువులో లెక్కకొచ్చే పాయింట్లు) ఇచ్చి, పైన కొన్ని పేపర్లు రాయిస్తే అసోసియేట్ డిగ్రీ, అంటే పూర్తి డిగ్రీకి కింది మెట్టు. ఆలోచన ఎవరిదోగానీ బంగారం లాంటి ఆలోచన. నేర్చుకున్నదాన్నే మళ్లీ నేర్చుకోమనకుండా, దానికో విలువ కట్టారు. నేను ఫీల్డ్‌లో ఉండి చదివాను. రోల్‌కాల్ అయ్యాక బుఖారీ (చలికి వెలిగించే పొయ్యి) పక్కన కూర్చుని ఇంగ్లిష్ పేపర్‌కి చదువుకుంటుంటే మావాళ్లు ‘పండిత్‌జీ’ అని ఏడిపించేవారు. 2011లో కాగితం చేతికొచ్చింది. అది ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ట్రంకు పెట్టె అడుగున యూనిఫాం మడతల మధ్య దాచాను.

పెన్షన్ వచ్చాక 2015లో ఒక ఆఫీసులో ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. కాగితాన్ని వెలుగులో పెట్టి చూశాడు, వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకి తిప్పాడు. కమ్యూనిటీ కాలేజీ అన్న మాట దగ్గర వేలు పెట్టి అడిగాడు.

“ఏ కమ్యూనిటీ వాళ్ల కాలేజీ సార్ ఇది?”

మన ఊళ్లలో కమ్యూనిటీ అంటే ఏమిటో మీకు తెలుసు. ఆ కుర్రాడిది వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. కులం వాళ్లు పెట్టుకున్న కాలేజీ అనుకున్నాడు. మన దేశంలో మొదటి కమ్యూనిటీ కాలేజీ 1995లోనే పాండిచ్చేరి యూనివర్సిటీ పెట్టింది. అయినా ఆ మాట మన కౌంటర్ల దాకా రాలేదు. నేను ఏదో చెప్పాను. తర్వాత, “అసోసియేట్ అంటే డిగ్రీ కిందా, ఇంటర్ కిందా?” అన్నాడు. లోపలికి వెళ్లి పెద్దాయన్ని అడిగి వచ్చాడు. “లిస్టులో లేదు సార్” అన్నాడు. అంతే. కాగితం మళ్లీ కవర్లోకి వెళ్లిపోయింది. ఆ కమ్యూనిటీ కాలేజీల పథకం కూడా మొదలైన కొన్నాళ్లకే ఆగిపోయింది. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

మరి నాకు ఉద్యోగం ఎలా వచ్చిందంటారా? చదువు వల్ల కాదు. మెట్రిక్ పాసై 15 ఏళ్లు సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ణి, డిగ్రీ కావాలన్న, మాజీ సైనికులకి రిజర్వు చేసిన గ్రూప్-సి పోస్టులకి కూడా అర్హుడిగా చూడొచ్చని కేంద్రం నిబంధన ఉంది. టెక్నికల్ అనుభవం అక్కర్లేని పోస్టులైతేనే. బ్యాంకుల్లో క్లర్కు పోస్టులకీ అలాంటి వెసులుబాటే ఉంది. అలా బ్యాంకులో క్లర్కునయ్యాను, పదేళ్లు దాటింది. గమనించండి, నాకు పనికొచ్చింది నేను ఎన్నేళ్లు ఉన్నానన్నదే. ఏం నేర్చుకున్నానో ఎవరికీ అవసరం లేకపోయింది. ఇంజిన్లు విప్పిన చేతులతో నోట్ల కట్టలు లెక్కపెడుతున్నాను. జీతం బాగానే ఉంది, ఫిర్యాదేమీ లేదు. మా బ్రాంచి జనరేటర్ మొరాయించినప్పుడు మేనేజర్ గారు నా వైపే చూస్తారు, అదొక్కటే తృప్తి.

ఇప్పుడు నేనూ కౌంటర్‌కి ఇటువైపు కూర్చునేవాణ్ణే కాబట్టి ఆ కుర్రాడి మీద కోపం పోయింది. లిస్టులో ఉన్న కాగితమే తీసుకుంటాం. లేనిది తీసుకుంటే రేపు ఆడిట్‌లో మెడకి చుట్టుకుంటుంది. క్లర్కుకి జాలి ఉంటే సరిపోదు, సర్క్యులర్ ఉండాలి.

ఇక మా తమ్ముడి కొడుకు సంగతి. వాడు 2023 జనవరిలో మొదలైన మొదటి బ్యాచ్ అగ్నివీరుడు. అదే ఈఎంఈ, అదే సికింద్రాబాద్, నేను తొక్కిన పరేడ్ గ్రౌండే. ఇప్పుడు ఎక్కడున్నాడో రాయకూడదు, చలి ప్రదేశం అనుకోండి. 2027 మొదట్లో నాలుగేళ్లు పూర్తవుతాయి. నలుగురిలో ఒక్కణ్ణే ఉంచుకుంటారు. మిగిలిన ముగ్గురూ సుమారు 11.71 లక్షల సేవానిధి (చివర్లో ఒకేసారి ఇచ్చే డబ్బు) పట్టుకుని ఇంటికి రావాలి. అందులో సగం వాళ్ల జీతంలో నెలనెలా పట్టుకున్నదే. పెన్షన్ లేదు, క్యాంటీన్ కార్డు లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు.

ఆ చివరిది మన ఎవరికీ సరిగ్గా ఎక్కలేదని నా అనుమానం. నన్ను ఆదుకున్న 15 ఏళ్ల నిబంధన వీళ్లకి వర్తించదు. నాలుగేళ్ల సర్వీసు, హోదా లేదు. నాకు చదువు అక్కరకి రాకపోతే ఏళ్లు అక్కరకొచ్చాయి. వీళ్లకి ఏళ్లు లేవు, చదువే దిక్కు.

ఆ చదువు ఏర్పాటు ఉంది, బాగుంది కూడా. 2022 జూన్‌లో పథకం ప్రకటించిన మర్నాడే కేంద్ర విద్యాశాఖ చెప్పింది. సైనికుల కోసం ఇగ్నో మూడేళ్ల నైపుణ్య డిగ్రీ నడుపుతుంది. డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో సగం సైన్యంలో నేర్చుకున్న పని నుంచే వస్తాయి. మిగతా సగానికి చరిత్ర, ఎకనామిక్స్, కామర్స్, టూరిజం, వ్యవసాయం లాంటివాటిలో ఇష్టమైనవి చదువుకోవాలి. ఇంగ్లిష్ కమ్యూనికేషన్, పర్యావరణం ఉంటాయి. ఏడాదితో ఆపితే సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ. పదో తరగతితో చేరినవాళ్లకి కేంద్ర ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్ ద్వారా ఇంటర్. ఉన్నత విద్యని చూసే యూజీసీ, ఏఐసీటీఈల గుర్తింపు కూడా ఉందన్నారు. మా జ్ఞానదీప్ కంటే ఇది నాలుగు మెట్లు పైనే.

మొన్న రాత్రి వీడియో కాల్ చేశాడు. మంకీ క్యాప్‌లో ముక్కు ఒక్కటే కనబడుతోంది. “పెదనాన్నా, ఇది పాసైతే గ్రూప్-2 రాయొచ్చా?” అన్నాడు. కాగితం ప్రకారం రాయొచ్చు. ఇగ్నో అంటే పార్లమెంటు చట్టంతో 1985లో పుట్టిన యూనివర్సిటీ. గుర్తింపున్న డిగ్రీ ఎక్కడైనా డిగ్రీయే. కానీ నా ట్రంకు పెట్టెలో ఉన్న కాగితం మీదున్నదీ ఆ ముద్రే. “రాయొచ్చురా” అన్నానుగానీ గొంతులో బలం లేదు. వాడు కనిపెట్టాడు. “కనుక్కుని చెప్పు పెదనాన్నా” అని పెట్టేశాడు.

కనుక్కుందామనే తిరిగాను. ఒకాయన ‘అది స్కిల్ డిగ్రీ కదా’ అన్నారు, ఇంకొకాయన ‘నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూద్దాం’ అన్నారు. ఆ రెండో మాట వింటే నాకు 2015 గుర్తొచ్చింది. నోటిఫికేషన్ వచ్చాక చూడ్డానికి టైం ఉండదు. అప్పుడు ఆ పిల్లాడు ఏ కోర్టు చుట్టూ తిరగాలి?

పోయినేడు మా అమ్మాయి కాన్పుకని మేమిద్దరం మూడు నెలలు అమెరికా వెళ్లొచ్చాం. టెక్సస్‌లో శాన్ ఆంటోనియో. చుట్టూ ఎయిర్ ఫోర్స్ స్థావరాలే. పక్కింటాయన ఎయిర్ ఫోర్స్‌లో ఇంజిన్ మెకానిక్‌గా 20 ఏళ్లు చేసి రిటైరైనవాడు. ఒక శనివారం ఆయన గడ్డి కోసే మెషీన్ స్టార్ట్ కాక తాడు లాగి లాగి అలిసిపోతుంటే నేను ప్రహరీ దగ్గరికి వెళ్లాను. నా ఇంగ్లిష్ అంతా మిలిటరీ ఇంగ్లిషే. అయినా కార్బొరేటర్ విప్పితే ఇద్దరికీ ఒకే భాష. పాత పెట్రోలు జెట్లో జిగురులా కట్టేసింది. సన్నటి వైరుతో పొడిచి, ఊది, బిగిస్తే రెండో లాగుడికే అందుకుంది. ఆ తర్వాత నేను ఎక్కువగా ఆయన గరాజ్‌లోనే ఉన్నాను, మా ఆవిడ కోప్పడేది.

ఒకరోజు ఆయన ఫైలు తెచ్చి చూపించాడు. కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ ది ఎయిర్ ఫోర్స్. 1972లో పెట్టారు, ప్రధాన కార్యాలయం అలబామాలో. ఇది ఆఫీసర్ల కోసం పెట్టింది కాదు, కింది ర్యాంకుల వాళ్ల కోసమే పెట్టింది. ఆయన మార్కుల కాగితంలో వరసగా ఉన్నాయి: ఫలానా ఇంజిన్ కోర్సుకి ఇన్ని క్రెడిట్లు, ఫలానా శిక్షణకి ఇన్ని. ఇంగ్లిష్, లెక్కల లాంటివి మాత్రం బయట కాలేజీల్లో చదివి కలుపుకోవాలి. ఆయన ఊళ్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రాలు వెళ్లి చదివాడట. అదే రాష్ట్రంలో కిలీన్ అనే ఊళ్లో, ఫోర్ట్ హుడ్ అనే పెద్ద సైనిక స్థావరం పక్కన, 1960ల్లో సెంట్రల్ టెక్సస్ కాలేజీ పెట్టారు. స్థావరం లోపలికే వెళ్లి క్లాసులు చెబుతుంది. అక్కడ కౌంటర్లో ‘ఇది ఏ కమ్యూనిటీదండీ’ అని అడిగేవాడు ఉండడు. ఊళ్లో సగం మంది అలాంటి కాలేజీలో చదివినవాళ్లే.

అక్కడంతా స్వర్గం అనడం లేదు. సైనికుడికి ప్రభుత్వం ఇచ్చే చదువు డబ్బుకి ఆశపడి ప్రైవేటు కాలేజీలు వాళ్ల వెంటపడి, పనికిరాని డిగ్రీలు అంటగట్టిన గొడవ అమెరికాలో పెద్దదే. పక్కింటాయనే చెప్పాడు. అది వినగానే నాకు 11.71 లక్షలు గుర్తొచ్చాయి. రేపు మన బస్టాండ్ల దగ్గర ‘అగ్నివీరులకు ప్రత్యేక కోర్సు’ అని ఫ్లెక్సీలు కట్టరని మీరు హామీ ఇవ్వగలరా?

మనకీ దారులు లేకపోలేదు. ఎన్‌డీఏ (ఆఫీసర్లు కాబోయేవాళ్లు చదివే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) కేడెట్లకి జేఎన్‌యూ డిగ్రీ ఎన్నో ఏళ్లుగా వస్తోంది. మా సికింద్రాబాద్ ఈఎంఈ కాలేజీ ఎంసీఈఎంఈలో ఆఫీసర్లు చేసే ఇంజినీరింగ్‌కీ జేఎన్‌యూయే బీటెక్ ఇస్తుంది. ఆ డిగ్రీల్ని ఎవరూ వెలుగులో పెట్టి చూడరు. మన ఆంధ్రా యూనివర్సిటీ మాజీ సైనికులకి సిబ్బంది నిర్వహణ డిగ్రీ, బీఏ హెచ్‌ఆర్‌ఎం ఇస్తోంది. మా బ్యాచ్ వాళ్లు ఇద్దరు అది చేశారు. వాళ్లకి ఎక్కడా ఇబ్బంది రాలేదు, ఆ యూనివర్సిటీ పేరు మన కౌంటర్లకి తెలుసు కాబట్టి.

నేను అడిగేది పెద్దదేం కాదు. మన రెండు రాష్ట్రాల సర్వీస్ కమిషన్లు, పోలీస్ బోర్డులు, విద్యుత్ సంస్థలు ఇచ్చే నోటిఫికేషన్లలో అర్హతల దగ్గర ఒక్క వాక్యం వెయ్యాలి: సైనికుల కోసం ఇగ్నో ఇస్తున్న నైపుణ్య డిగ్రీ, డిగ్రీతో సమానం అని. ఇప్పుడే ఒక జీవో ఇచ్చి పెట్టుకుంటే రేపు కౌంటర్లో కుర్రాడు లోపలికి వెళ్లి ఎవరినీ అడగక్కర్లేదు.

రెండోది కాలేజీల సంగతి. మా గూడెం చుట్టుపక్కల పాలిటెక్నిక్‌లలో ఆటోమొబైల్ పిల్లలు చదువుతుంటారు. ఓసారి ఒకచోట చూశాను. కోసిపెట్టిన ఇంజిన్ మోడల్‌కి రంగులు వేసి అద్దాల్లో పెట్టారు. ఫైనలియర్ పిల్లాణ్ణి లైన్లో గాలి ఎలా తీస్తావురా అంటే బోర్డు మీద బొమ్మ వేసి చూపించాడు, బొమ్మ చక్కగా వచ్చింది. మరోపక్క మావాడు చేత్తో చేస్తాడు, ఎందుకలా అవుతుందో రాయమంటే రాయలేడు. వీళ్లిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టడానికి జిల్లాకో పాలిటెక్నిక్, ఓ డిగ్రీ కాలేజీ చాలు. నాలుగేళ్లు చేసి వచ్చినవాడికి సాయంత్రం క్లాసులు పెట్టి, తెచ్చుకున్న క్రెడిట్లు కలుపుకుని, మిగిలిన సబ్జెక్టులు చెప్పి డిప్లొమా ఇవ్వొచ్చు. క్రెడిట్లు దాచుకోవడానికి 2021 నుంచి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని కేంద్రం పెట్టింది ఉండనే ఉంది. బ్యాంకన్నాక డిపాజిట్ ఒక్కటే ఉంటే ఎలాగండీ, విత్‌డ్రా చేసుకునే కౌంటర్ కూడా ఉండాలి కదా. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం పూనుకుంటే కాలేజీ ప్రిన్సిపాల్స్‌తో మాట్లాడటం ఎంతసేపు?

భాష సంగతి కూడా చెప్పాలి. మా వైపు పిల్లలు తెలుగు మీడియం వాళ్లే ఎక్కువ. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఎకనామిక్స్ చదవమంటే, గార్డు డ్యూటీ చేసి వచ్చి అర్ధరాత్రి ఏం ఎక్కుతుంది? దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. డిగ్రీ పాఠాలన్నీ తేలిక తెలుగులో వేసింది. ఆ పుస్తకాలు మన జవాన్లకి అందేలా ఇగ్నోతో ఓ మాట అనుకుంటే పోయేదేముంది?

మావాళ్లనీ అనాలి. సర్వీసులో ఉండగా చదువు అంటే చాలామందికి లెక్కలేదు. ‘డిశ్చార్జి అయ్యాక చూద్దాంలే’ అంటారు. చేసిన కోర్సు పార్ట్-2 ఆర్డర్లో (జవాను సర్వీసు వివరాలు రికార్డుకెక్కించే యూనిట్ ఆర్డరు) ఎక్కిందో లేదో కూడా చూసుకోరు. ఎక్కకపోతే రికార్డులో లేనట్టే, రికార్డులో లేనిదానికి క్రెడిట్ ఎవడిస్తాడు? మావాడికి ఇదే చెప్పాను. ప్రతి కోర్సు కాగితం ఫోటో తీసి మీ నాన్నకి పంపించు, అసలుది యూనిట్లో ఎక్కించుకో అని. మీ పేపర్ చదివే తల్లిదండ్రులు కూడా ఈ మాట పిల్లలకి ఫోన్లో చెప్పాలి. డబ్బు పంపావా అని అడిగే ముందు ఈసారి పరీక్ష రాశావా అని అడగండి.

మీ పేపర్లో సోమవారం ఉద్యోగాల పేజీ వస్తుంది. ఈ బ్యాచ్ వచ్చేలోగా ఒక్క వారం అందులో ఈ డిగ్రీ గురించి వెయ్యండి. సర్వీస్ కమిషన్ వాళ్లని, ఉన్నత విద్యామండలి వాళ్లని మీరే అడిగి, వాళ్లు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యండి. నేను వెళ్లి అడిగితే నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూద్దామంటారు. మీరు అడిగితే చెబుతారు. ఆ కటింగ్ నేను మావాడికి వాట్సాప్‌లో పంపిస్తాను. అప్పటిదాకా వాడు ఫోన్ చేసినప్పుడల్లా వాళ్ల పెద్దమ్మకే ఇచ్చేస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దార్ (ఈఎంఈ),
తాడేపల్లిగూడెం మండలం, పశ్చిమగోదావరి జిల్లా